ఆ పీపీ దొరికింది నాకే

పన్నెండున్నర దాటింది. ఈయన పడుకుని రెండు గంటలైంది, బుజ్జి అంతకంటే ముందే పడుకుంది, నాకు మాత్రం కళ్ళు మూతపడటం లేదు. మధ్యాహ్నం అన్నయ్య అన్న మాట ఒకటి పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. గిన్నెలు సర్దుతుంటే తగిలింది, బుజ్జి యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే తగిలింది, ఇక లాభం లేదని లేచొచ్చి ఇక్కడ కూర్చున్నాను.

"నువ్వు ఆడిందెప్పుడే? పక్కన కూర్చుని చూశావంతే."

ఇదీ ఆ మాట. మారియో వీడియో గేమ్ గురించి. వదిన ముందు, మేనల్లుడి ముందు, అమ్మ ముందు అన్నాడు.

మొదలుపెట్టింది అల్లుడే. వాడు స్విచ్ తెచ్చాడు కదా, అదే, టీవీ గేమ్ మెషీన్, భోజనాలయ్యాక బుజ్జీ వాడూ కలిసి మారియో వండర్ ఆడుతున్నారు, ఒకే తెర మీద ఇద్దరూ ఒకేసారి. అన్నయ్య గుత్తివంకాయ తిన్న మత్తులో దివాన్ మీద వాలి, "ఎన్ని వచ్చినా మొదటి మారియో ముందు ఇవన్నీ దిగదుడుపే" అన్నాడు. అల్లుడు ఊరుకుంటాడా? "నాన్నా, మీరు సూపర్ మారియో వరల్డ్ ఆడనే లేదు, ఎలా చెప్తారు?" అని పట్టుకున్నాడు. వాడి మాట కొట్టిపారేసేది కాదు. వరల్డ్ 1990లో సూపర్ ఫామికామ్ అనే గేమ్ మెషీన్‌తో పాటు వచ్చింది. అందులో లెవెల్స్ దాటడానికి 96 దారులున్నాయి, ఆడినంత వరకూ సేవ్ అవుతుంది, పైగా యోషి అనే డైనోసార్ ఉంది. మారియోని ఏదైనా జంతువు మీద ఎక్కించాలని దాన్ని తయారుచేసిన మియామోతోకి ముందు నుంచీ ఉండేదట, పాత మెషీన్‌లో కుదరక ఇందులో తీరిందట. ఇవన్నీ వాడు చెప్తుంటే విన్నాను, కానీ ఆ మెషీన్ మా ఇంటికి రాలేదు, వరల్డ్‌తో నాకు చిన్నతనం లేదు. రెండోదాని గురించి కూడా కాసేపు నడిచింది. జపాన్ బయట రెండో మారియోగా అమ్మింది అసలు మారియోనే కాదట, 1987లో వచ్చిన డోకి డోకి పానిక్ అనే వేరే ఆటలో బొమ్మలు మార్చారట. సరే, అది పక్కన పెట్టాం.

అన్నయ్య వాదన మాత్రం బాగా చెప్పాడు, ఒప్పుకోవాలి. మొదటిది 1985లో వచ్చింది, మొత్తం ఆట 40 కిలోబైట్లు, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే పూల బొమ్మ అంతకంటే పెద్దది అన్నాడు. జాగా చాలక ఆకాశంలో మబ్బునీ నేల మీద పొదనీ ఒకే బొమ్మతో గీశారని, రంగు ఒక్కటే తేడా అని చెప్తే బుజ్జి నమ్మలేదు, లేచి వెళ్ళి తెరకి ముక్కు ఆనించి చూసొచ్చింది. 1-1లో, అంటే మొదటి ప్రపంచం మొదటి లెవెల్‌లో, ఒక్క అక్షరం లేకుండా ఆట ఎలా నేర్పుతుందో కూడా చెప్పాడు. మొదట ఎదురొచ్చేదాన్ని దాటకపోతే చస్తావు, కాబట్టి ఎగరడం వస్తుంది. తర్వాత పెట్టెలోంచి పుట్టగొడుగు వచ్చి పైపుకి కొట్టుకుని నీ మీదకే తిరిగొస్తుంది, భయపడి పారిపోదామన్నా తగిలి పెద్దవాడివైపోతావు, అప్పుడు తెలుస్తుంది అది శత్రువు కాదని.

నేను మూడోది అన్నాను. ఎప్పుడూ అదే అంటాను. ఎందుకు అని అల్లుడు అడిగితే, అందులో బాగా ఆడినా వంతు మారుతుంది అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాళ్ళు ఒకేసారి ఆడతారు, వంతు అంటే వాళ్ళకెలా తెలుస్తుంది!

అది సరిగ్గా చెప్పాలంటే చిక్కడపల్లి ఇంటికి వెళ్ళాలి. ఆ వేసవి సెలవుల్లో నాన్న జగదీష్ మార్కెట్ నుంచి టీవీ గేమ్ తెచ్చారు, దాంతో పాటు పసుప్పచ్చ క్యాసెట్ ఒకటి. వేల ఆటలున్నాయని రాసి ఉండేది, లెక్కపెడితే పదో పన్నెండో, మిగతావన్నీ అవే మళ్ళీ మళ్ళీ. ఒక రిమోట్‌కి స్టార్ట్ బటన్ ఉంటుంది, రెండోదానికి ఉండదు. నాది రెండోది. మొదటి మారియోలో ఇద్దరు ఆడితే, మొదటివాడు చచ్చాకే రెండోవాడికి వంతు. అన్నయ్య చచ్చేవాడు కాదు. అంతే, నా వేసవి అంతా ఆ ఒక్క రూల్‌లో అయిపోయింది. వాడు 1-2లో పైకెక్కి ఇటుకల మీంచి పరిగెత్తి నాలుగో ప్రపంచానికి వెళ్ళిపోతుంటే నేను రెండోవాడి బొమ్మ లుయీజీ రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఉత్తినే కూర్చోలేదు, అది కూడా రాయాలి. అడాప్టర్ పిన్ లూజుగా ఉండేది, కదిలితే బొమ్మ పోయేది. దాన్ని ఒక కోణంలో పట్టుకుని ఉండాలి. అది నా డ్యూటీ. అడాప్టర్ కాలి వేలికి సెగ తగులుతున్నా వదిలేదాన్ని కాదు, ఎందుకంటే ఆ ఆటలో సేవ్ లేదు, బొమ్మ పోతే మళ్ళీ 1-1. అమ్మేమో ప్రతి గంటకీ వచ్చి "పిక్చర్ ట్యూబ్ పోతుంది, ఆపండర్రా" అనేది. ఇంకో ఐదు నిమిషాలమ్మా అని బతిమాలే పని కూడా నాదే. కోటల్లో పైదారిన వెళ్ళాలా కిందదారిన వెళ్ళాలా అన్నది తప్పితే అదే చోటు తిరిగి తిరిగి వస్తుంది కదా, 7-4కి ఏ దారి తర్వాత ఏ దారో నా సోషల్ నోట్‌బుక్ వెనక పేజీలో రాసి పెట్టుకుని చదివి చెప్పింది నేనే. "కింద... ఇప్పుడు పైన... ఎగురు!" ఇంత చేస్తే, చూశావంతే అంటాడా?

ఒక్కసారి మాత్రం ఆ రూల్ నా వైపు తిరిగింది. 3-1 చివర మెట్ల మీద తాబేలు డిప్పని అదేపనిగా తొక్కుతూ ప్రాణాలు పెంచుకోవచ్చని పక్క వాటాలో అబ్బాయి చెప్పాడు. అన్నయ్య తొక్కాడు, తొక్కుతూనే ఉన్నాడు, అంకె ఉండాల్సిన చోట కిరీటాలూ పిచ్చి గుర్తులూ వచ్చేదాకా తొక్కాడు. ఆ ఆటలో ప్రాణాలు 127 దాటితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఒక్కసారి చచ్చినా గేమ్ ఓవర్. వాడికి తెలియదు, నాకూ తెలియదు. ముందుకెళ్ళి చిన్న గోతిలో పడ్డాడు, గేమ్ ఓవర్ అయిపోయింది, ఇక ఆట మొత్తం లుయీజీదే. ఆ సాయంత్రం నేను 2-3 దాకా వెళ్ళాను, చేపలు ఎగురుతుంటే వంతెన మీద. నా చేతులు వణికాయి. వైర్ పట్టుకోమంటే వాడు పట్టుకోలేదు, అలిగి బాల్కనీలో కూర్చున్నాడు. నేనే కాలి కింద అదిమిపెట్టి ఆడాను.

మూడోది తర్వాత వచ్చింది. క్యాసెట్ ఇచ్చి పైన కొంత డబ్బు కడితే వేరేది ఇచ్చే కొట్టు ఒకటి ఉండేది, అక్కడ మార్చుకొచ్చాం. జపాన్‌లో అది 1988లోనే వచ్చింది, మా దాకా రావడానికి అన్నేళ్ళు పట్టింది. ఆన్ చేయగానే ఎర్ర తెర లేచింది. ఎదురుగా నేలేమో గళ్ళ గచ్చు. ఆటలోకి వెళ్తే కట్టడాలకి మేకులు కొట్టినట్టు బొమ్మలు, వెనక ఆకాశం మీద వాటి నీడలు. నాన్న మమ్మల్ని పబ్లిక్ గార్డెన్స్‌లో సురభి వాళ్ళ నాటకానికి తీసుకెళ్ళారు ఆ ముందు ఏడాది, తాళ్ళతో దింపే మబ్బులు, చెక్క మీద వేసిన కోట. ఇదీ నాటకమే అన్నయ్యా అన్నాను, వాడు "మాట్లాడకు" అన్నాడు. అది నాటకమేనని తీసినవాళ్ళే తర్వాత ఒప్పుకున్నారు.

అందులో ఒక లెవెల్ గెలిచినా సరే వంతు అవతలివాళ్ళకి వెళ్తుంది. గెలిచినవాడు రిమోట్ పెట్టేసి కూర్చోవాలి. నాకు ఆటలో సగం దొరికింది, అడగకుండా, ఏడవకుండా.

ఇక పీపీ సంగతి. మూడోదాంట్లో దొరికే వస్తువది, ఒక్కసారి ఊదితే మధ్యలో లెవెల్స్ వదిలేసి ముందు ప్రపంచాలకి వెళ్ళిపోవచ్చు. మధ్యాహ్నం నన్ను కోసింది నిజానికి ఇదే, ఆ మాట కాదు. వదినకి అన్నయ్య చెప్తున్నాడు, "1-3లో తెల్ల పెట్టె ఒకటుంటుంది, దాని మీద కిందకి నొక్కి కూర్చుంటే తెర వెనక్కి జారిపోతాం, పీపీ దొరుకుతుంది, అది నేనే కనిపెట్టాను" అని. నేను కనిపెట్టాను! వాడు 1-3లో చచ్చాడు, నా వంతొచ్చింది, తెల్ల పెట్టె ఎక్కాను, సరిగ్గా అప్పుడు అమ్మ వంటింట్లోంచి పిలిచింది. తల తిప్పి "వస్తున్నానమ్మా" అంటుంటే వేలు కింద బటన్ మీదే ఉండిపోయింది. మళ్ళీ చూస్తే లుయీజీ పెట్టె వెనక్కి దిగిపోయి ఉన్నాడు. పొదల వెనక, గుట్టల వెనక, సురభి వాళ్ళ తెర వెనక్కి వెళ్ళిపోయినట్టు. పరిగెత్తాను. చివరి నల్లటి చోటు వెనక నుంచి ఒక ఇంట్లోకి వెళ్ళింది, పెట్టె తెరిస్తే పీపీ.

అందులో ఎవరి వస్తువులు వాళ్ళవే, పీపీ నా పెట్టెలో ఉంది, వాడు ఊదలేడు. "ఊదవే, ఊదవే చిన్నీ, నా రంగు పెన్సిళ్ళు ఇస్తాను" అన్నాడు. ఊదలేదు. అది ఊదితే అయిపోతుంది కదా, ఉంచుకుందామనిపించింది. ఎనిమిదింటికి కరెంటు పోయింది. తొమ్మిదిన్నరకి వచ్చింది. పీపీ లేదు.

వాడికి అది గుర్తులేదంటే ఎలా? అమ్మని సాక్ష్యం అడిగితే "ఏమోనే, నాకు మీ గోలే గుర్తుంది, పీపీలు గుర్తులేవు" అంది. నాన్న ఉంటే చెప్పేవారు. ఆ రాత్రి కొవ్వొత్తి దగ్గర నేను ఏడుస్తుంటే పీపీ అంటే ఏమిటో అర్థం కాకపోయినా పక్కన కూర్చున్నారు.

ఇంతవరకూ రాశాక ఒకటి తట్టింది. మర్నాడు పొద్దున్నే వాడు లేచి, నేను చూపించిన చోటే కూర్చుని, వాడి వంతులో వాడి పీపీ తెచ్చుకున్నాడు, వెంటనే ఊదాడు కూడా. వాడికి గుర్తున్నది ఆ పొద్దున కావచ్చు. వాడి తెర మీద ఎర్ర టోపీయే వెనక్కి వెళ్ళింది, అబద్ధం చెప్పాలని చెప్పి ఉండడు. వదిన ముందు గొప్పకి చెప్పాడనుకున్నాను గానీ, నిజంగానే అలా గుర్తుందేమో. అలా అనుకున్నా కోపం పోలేదు, కొంచెం తగ్గింది.

ఇంకో సంగతి. అల్లుడు స్విచ్ ఇక్కడే వదిలి వెళ్ళాడు, పాతవన్నీ అందులో ఉన్నాయి. ఇందాక సౌండ్ తీసేసి మొదటి మారియో పెట్టాను. నేను దాన్ని సరిగ్గా ఆడింది ఎన్నిసార్లు, మొత్తం కలిపినా ఇరవై ఉండదు. అయినా 1-1లో ఎక్కడ దాచిన ప్రాణం ఉందో, ఏ పైపులోకి దిగొచ్చో, 1-2లో ఎక్కడ పైకెక్కాలో అన్నీ వచ్చేశాయి, ఒక్కసారి కూడా ఆగలేదు. ఇదంతా చూసి నేర్చుకున్నదే. పక్కన కూర్చుని వైర్ పట్టుకున్న పిల్ల కూడా మొత్తం కంఠతా పట్టేయగలిగేంత తేటగా ఉంది ఆ ఆట. మూడోది అలా కాదు, అందులో కప్ప వేషం, తోక, ఒక్క లెవెల్‌లోనే కనిపించే ఆకుపచ్చ బూటు, ఎన్నో ఉన్నాయి, ఆడితే తప్ప తెలియవు, పక్కన కూర్చున్నవాళ్ళకి సగం అందదు. కాబట్టి ఏది బెస్ట్ అంటే... మధ్యాహ్నం అంత గట్టిగా మూడోది అన్నాను, ఇప్పుడు మొదటిదే అనిపిస్తోంది. అన్నయ్య చెప్పిన 40 కిలోబైట్లకీ, మబ్బు పొదలకీ మాత్రం కాదు. మూడోది నాకు న్యాయం చేసింది, అందుకు దాన్ని ప్రేమిస్తాను, ఎప్పటికీ ప్రేమిస్తాను. కానీ నా వంతు రాని వేసవి మొత్తం నన్ను కదలకుండా కూర్చోబెట్టింది మొదటిది. విసుగొస్తే లేచి వెళ్ళి తొక్కుడుబిళ్ళ ఆడుకునేదాన్ని కదా, వెళ్ళలేదు.

ఇది అన్నయ్యకి ఇప్పుడే చెప్పను. పీపీ సంగతి తేలాక చెప్తాను.

ఒంటిగంటన్నర. చివరగా మూడోది కూడా పెట్టాను, ఇద్దరి ఆట, రెండు రిమోట్లూ నేనే పట్టుకుని. 1-1 మారియో, 1-2 లుయీజీ, 1-3లో మారియోని గోతిలో పడేశాను, లుయీజీకి వంతు వచ్చింది. తెల్ల పెట్టె ఎక్కి కిందకి నొక్కి ఉంచాను. ఐదారు సెకన్లు, అంతే, దిగిపోయాడు. ఆకుపచ్చ టోపీ, పొదల వెనకాల. నాకు గుర్తున్నది గుర్తున్నట్టే.

పీపీ లుయీజీ పెట్టెలో ఉంది. ఊదలేదు. ఇందులో ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు, చేసి పెట్టాను. బుధవారం అన్నయ్య స్విచ్ కోసం వస్తాడట.