మా బడి విహారయాత్రకు చోటు వెతుక్కున్న వైనం

కోనసీమలో కొత్తపేట దాపున ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. ఏటా విహారయాత్రకు పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్ళాలో తేల్చే పని నాలుగేళ్ళ క్రితం నా మెడకు చుట్టుకుంది. అంతకుముందు ఆ పని చూసిన లెక్కల మాస్టారు పదవీ విరమణ చేస్తూ, "ఇందులో పేరు రాదు మాస్టారూ, మాట మాత్రం వస్తుంది" అని నవ్వి, తాళ్ళు ఊడిన పాత ఫైలు నా చేతిలో పెట్టారు.

మొదటి ఏడాది నేను చేసినది ఎంపిక కాదు. ట్రావెల్స్ వారు ఇచ్చిన పట్టికకు తల ఊపడం మాత్రమే. ఒక్క రోజులో ఐదు చోట్లు ఉన్నాయంటే పిల్లలకు లాభమే కదా అనుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే రాత్రి పదకొండుకు ఇల్లు చేరాము. దారిలో ఏడుగురికి వాంతులయ్యాయి. ఆ రోజు సోమవారం కావడంతో ఒక ప్రదర్శనశాల తలుపులు మూసి ఉన్నాయి. ముందుగా ఫోను చేసి కనుక్కోకపోవడం నా తప్పే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. మర్నాడు వ్యాసం రాయమంటే ఎక్కువమంది బస్సులో పాడుకున్న పాటల గురించీ, మధ్యాహ్నం తిన్న పులిహోర గురించీ రాశారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు మాత్రం, "పట్టికలో ఉన్నవి ఐదు, మేము దిగినవి మూడు, నాకు గుర్తున్నది ఒకటి" అని లెక్క తేల్చేశాడు. ఆ కాగితాన్ని నేను ఫైలులో మొదటి పేజీగా పెట్టుకున్నాను.

రెండో ఏడాది పిల్లలనే అడుగుదామని చీటీలు వేయించాను. హైదరాబాదు, విశాఖ, అరకు, పాపికొండలు వచ్చాయి. మొదటి మూడూ ఒక్క రోజులో అయ్యేవి కావు, రాత్రి బస అంటే ఖర్చు మా ఊరి తల్లిదండ్రులకు మించినది. పాపికొండల మాట ఎత్తగానే తల్లిదండ్రుల సమావేశంలో మౌనం అలుముకుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన సంగతి ఈ ప్రాంతంలో మరిచిపోయినవారు లేరు. ఆ తరువాత నిబంధనలు బిగించారని నేను చెప్పగలను కానీ, పెద్ద లాంచీ మీద యాభై మంది పిల్లలను నలుగురు ఉపాధ్యాయులు కనిపెట్టుకుని ఉండగలరని మాత్రం చెప్పలేకపోయాను.

అప్పుడు ప్రశ్నను తిరగవేశాను. పిల్లలు చూడనిది ఏమిటి అని కాకుండా, రోజూ చూస్తూ కూడా సగమే తెలిసినది ఏమిటి అని తరగతిలో అడిగాను. బడి వెనక పారే కాలువ ఎక్కడ మొదలవుతుందో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ నీటితో పండిన అన్నం తింటారు, ఆ కాలువలోనే ఈత నేర్చుకుంటారు. వేసవిలో కాలువ కట్టేశారంటే ఎవరు కట్టేశారో, ఎక్కడ కట్టేశారో తెలియదు. పూర్తిగా కొత్త చోటు పిల్లలకు బొమ్మలా కనిపించి పోతుందనీ, సగం తెలిసిన చోటయితేనే వారు ప్రశ్న వెంటబెట్టుకుని బస్సు దిగుతారనీ నాకు ఆ రోజే అనిపించింది.

అలా మా యాత్ర కాలువకు ఎదురు వెళ్ళే యాత్ర అయింది. రావులపాలెం మీదుగా, కాలువ నీటిని ఆపి వదిలే తలుపులున్న లొల్ల లాకులు, అక్కడి నుంచి ఆత్రేయపురం, బొబ్బర్లంక, చివరికి గోదావరి మీద బ్యారేజీ ఉన్న ధవళేశ్వరం. ట్రావెల్స్ వారి భాషలో చెప్పాలంటే ఇందులో 'చూడవలసినవి' తక్కువే. మా ప్రధానోపాధ్యాయులు కూడా మొదట, "కాలువ చూడటానికి బస్సు ఎందుకండీ?" అన్నారు. ఆయనను ఒప్పించడానికి వారం పట్టింది.

ఒక ఆదివారం నేనూ, సైన్సు టీచరుగారూ బండి మీద ఆ దారంతా తిరిగి వచ్చాము. ఈ ముందస్తు చూపు లేకుండా ఏ చోటునూ ఖాయం చేయకూడదని ఇప్పుడు నేను పట్టుబడతాను. బ్యారేజీ మీద బస్సులు, లారీలు తిరిగే రోడ్డు ఉంది కనుక పిల్లలను దాని మీద వరుసగా నడిపిస్తూ పాఠం చెప్పడం కుదరదని అక్కడ నిలబడితే గాని తెలియలేదు. బస్సు ఎక్కడ ఆగుతుంది, నీడ ఎంత, తాగునీరు ఎక్కడ అన్నవి నేను రాసుకుంటుంటే, టీచరుగారు ఆడపిల్లలకు పనికివచ్చే మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, వాటిని బట్టి మేము ఆగే చోట్ల వరుసనే మార్చేశారు. నాకు తట్టని విషయం అది. పాత ఫైలులో కూడా దాని ఊసు ఎక్కడా లేదు.

డిసెంబరులో ఒక శనివారం 46 మంది పిల్లలతో బయలుదేరాము. లొల్ల లాకులను సినిమాల్లో చూశామని అందరూ కేకలు వేశారు. ప్రధాన కాలువ అక్కడ పాయలుగా చీలడం చూపించి, మన ఊరి నీరు ఏ పాయలోదో కనుక్కోమంటే మాత్రం కేకలు తగ్గి వాదులాట మొదలైంది. బొబ్బర్లంక దగ్గర నది నుంచి మధ్య డెల్టా కాలువలోకి నీరు మళ్ళే చోట ఆ వాదులాట తీరింది.

ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆంగ్లేయ ఇంజనీరు కాటన్ పేరిట ఉన్న మ్యూజియం మా పాఠానికి అచ్చంగా సరిపోయింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట నమూనాలు ఉండటం వల్ల, నల్లబల్ల మీద నేను గీసే వంకర గీతల అవసరం తప్పింది. కాటన్ దొర విగ్రహం మా వైపు చాలా ఊళ్ళలో ఉంది కనుక ఆయన వారికి కొత్త కాదు. ఆయన వద్ద పనిచేసిన వీణం వీరన్న పేరు మాత్రం ఒక్కరూ వినలేదు. ఇప్పుడున్న బ్యారేజీ పాత ఆనకట్ట స్థానంలో తరువాతి కాలంలో కట్టినదనీ, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలకు కలిపి 175 గేట్లు ఉన్నాయనీ చెబితే, కొందరు లెక్కపెట్టడానికి పూనుకుని ముప్పై దాటగానే విరమించుకున్నారు.

నాకు ఆ యాత్రలో మిగిలినది మాత్రం నీటిమట్టం కొలిచే రాయి దగ్గర జరిగినది. నీటిలో సగం మునిగి, అడుగుల అంకెలు వేసి ఉన్న ఆ రాయిని చూపిస్తూ, 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారని చెప్పాను. ఈ అంకెలు ప్రతి ఆగస్టులో టీవీలో వినేవే. నది పాయల మధ్య ఉన్న లంక గ్రామం నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ముందుకు వచ్చి, "మా ఇంటి అరుగు మీదికి నీళ్ళు వచ్చేది ఏ గీత దగ్గరండీ?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వెళ్ళి వాళ్ళ తాతను అడిగి, రెండో హెచ్చరిక దాటిన మర్నాడని రాసుకువచ్చింది. ఆ తరువాత లంకల పిల్లలు ఒకరిని చూసి ఒకరు తమ ఇళ్ళ లెక్కలు తెచ్చారు. అవన్నీ చార్టు మీదికి ఎక్కి ఇప్పటికీ మా గదిలో గోడకు ఉన్నాయి.

వినోదం లేకుండా పిల్లలను తిప్పడం నాకూ ఇష్టం లేదు. తిరుగుదారిలో ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంటి ముందు గంటసేపు ఆగాము. బోర్లించిన కుండ కింద కొబ్బరి ఆకుల మంట ఎగదోస్తూ, పలుచటి బియ్యపు పిండి నీటిలో ముంచిన గుడ్డను ఆ ఇంటావిడ ఒక్కసారి కుండ మీద లాగితే, రెప్పపాటులో తెల్లని పొర లేచి వచ్చింది. సరదాపడి ప్రయత్నించిన నలుగురి చేతుల్లోనూ అది చిరిగి ముక్కలైంది. ఆ ముక్కలే ముందు తిన్నారు.

మూడో ఏడాది కాకినాడ దగ్గర, సముద్రపు ఉప్పునీటి బురదలో పెరిగే కోరంగి మడ అడవులను ఎంచుకున్నాము. ఇక్కడ అసలు చిక్కు ఆటుపోట్లు. నీరు తీసి ఉన్నప్పుడు వెళితే బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకు వచ్చిన మడ చెట్ల ఊపిరి వేళ్ళు కనిపిస్తాయి, కానీ పడవ నడవదు. పోటు మీద వెళితే పడవ నడుస్తుంది, వేళ్ళు మునిగిపోతాయి. మొదట చూడటానికి వెళ్ళిన రోజు రెండు గంటలు గట్టు మీద కూర్చోవలసి వచ్చింది. చివరికి పడవ నడిపే పెద్దాయన, "పోటు రోజుకి ముప్పావు గంట పైగా వెనక్కి జరుగుద్దండి, మీరు వచ్చే రోజు చెబితే లెక్క కట్టి చెబుతాను" అన్నారు. ఆయన లెక్క ప్రకారం పొద్దున ఆటు, మధ్యాహ్నం పోటు ఉండే శనివారాన్ని ఖాయం చేశాము. ముందు చెక్కవంతెన మీద నడిచి వేళ్ళు చూశారు, భోజనాలయ్యాక పడవ ఎక్కారు. 1839 తుఫానులో కోరంగి రేవు నాశనమైన సంగతి పడవలోనే చెప్పాను. ధవళేశ్వరం యాత్రకు వచ్చిన పిల్లలు కొందరు, అది ఆనకట్టకు ముందా తరువాతా అని వెంటనే లెక్క వేసుకున్నారు.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెబుతాను. రుసుము కట్టలేక ఎవరూ మానేయకూడదని దగ్గరి చోట్లే ఎంచుతున్నాము. అద్దె బస్సు ఖర్చు తగ్గితే ఆ మిగులుతో ఇద్దరు ముగ్గురిని ఉచితంగా తీసుకువెళ్ళవచ్చు. తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, పై అధికారుల అనుమతి నెల ముందే సిద్ధం చేసుకోకపోతే ఎంత మంచి చోటైనా కాగితం మీదే ఉండిపోతుంది.

ఈ ఏడాది చీటీల్లో ఆదుర్రు బౌద్ధ స్తూపం పేరు రెండుసార్లు వచ్చింది. గోదావరి పాయ అయిన వైనతేయ ఒడ్డున, మా ఊరికి అంత దగ్గరగా ఉన్న చోటు పేరు పిల్లల నోట రావడం నాకే ఆశ్చర్యం. వచ్చే ఆదివారం టీచరుగారితో కలిసి వెళ్ళి, అక్కడ నీడ ఎంత ఉందో, బస్సు ఎంత దూరం వరకు పోతుందో చూసి రావాలి.