గోపురం కూలాక ఎవరు కదిలారు?

మా సంస్థ జీడిమెట్లలో మందుల ప్యాకింగ్ చేస్తుంది. రెండో షిఫ్టు మొదలుపెట్టాలనుకున్నప్పుడు, సూపర్‌వైజర్లను బయటి నుంచి తేకుండా ఉన్నవారిలోనే ఎంచుకోవడానికి యాజమాన్యం ఒప్పుకుంది. హెచ్‌ఆర్ విభాగం చూస్తున్నాను కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది. ఇంటర్వ్యూలు పెడితే మాటకారులే నెగ్గుతారు. ఏళ్ల తరబడి లైన్లో నిలబడి పనిచేసినవారికి తమ గురించి తాము చెప్పుకోవడం అలవాటు ఉండదు. అందుకే ఒక రోజంతా శామీర్‌పేట దగ్గర జట్టు పనులు పెట్టి చూద్దామని పట్టుబట్టాను.

ఆడించడం తేలికే, చూడటమే కష్టం. మా పెదనాన్నగారి అబ్బాయి సైన్యంలో అధికారిగా చేరాలని భోపాల్‌లో సర్వీసెస్ సెలక్షన్ బోర్డుకు వెళ్లొచ్చాడు. అక్కడ గ్రూప్ టెస్టింగ్ ఆఫీసర్ అడ్డంకి చూపించి, పలక, దుంగ, తాడు ఇచ్చి పక్కకు తప్పుకుంటాడట. నాయకుడు ఎవరో చెప్పడు, మధ్యలో కలగజేసుకోడు. బ్రిటిష్ సైన్యం 1942లో మొదలుపెట్టిన సెలక్షన్ బోర్డుల నుంచి వచ్చిన పద్ధతి అది. నేనూ అదే పాటించాను. ఒక్కో జట్టుకు వేరే విభాగం నుంచి ఒక పరిశీలకుడిని పెట్టి, ఒకే ఒక్క నియమం చెప్పాను: గుణం రాయకూడదు, చేసిన పని రాయాలి. ‘చొరవ ఉంది’ అని రాస్తే ఆ కాగితం వెనక్కి ఇచ్చేశాను. ‘టేపు చాలదని ముందే చూసి కొంత పక్కన పెట్టింది’ అని రాస్తే తీసుకున్నాను. మార్కులు సాయంత్రం, అన్నీ చదివాకే.

మొదట డిజైనర్ పీటర్ స్కిల్‌మన్ రూపొందించిన ఆట పెట్టాం. ఉడికించని సేమ్యాలా పొడవుగా ఉండే 20 స్పఘెట్టీ పుల్లలు, గజం టేపు, గజం దారం, మార్ష్‌మలో అనే మెత్తటి మిఠాయి ఒకటి. 18 నిమిషాల్లో గోపురం కట్టి, మార్ష్‌మలోను కొసన నిలబెట్టాలి. బిజినెస్ స్కూల్ విద్యార్థుల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలు దీన్ని బాగా చేస్తారని ఎన్నోచోట్ల ఆడించినవారు చెబుతారు. పిల్లలు మొదటి నుంచీ పైన బరువు పెట్టి చూసుకుంటూ కడతారు. పెద్దలకు ఎవరి మాట చెల్లాలో తేలేసరికే సగం సమయం అయిపోతుంది.

ఒక జట్టులో డిస్పాచ్ విభాగం ఆయన మొదటి నిమిషం నుంచే అందరికీ పనులు పంచారు. దూరం నుంచి చూసినవారెవరైనా ఆయనే నాయకుడనుకుంటారు. చివర్లో మార్ష్‌మలో పెట్టగానే గోపురం ఒరిగి కూలింది. “టేపు సరిగా చుట్టలేదు నువ్వు” అంటూ ఆయన పక్కవాడి మీదికి తిరిగారు. అప్పటిదాకా పెద్దగా మాట్లాడని లేబులింగ్ విభాగం అమ్మాయి విరగని పుల్లలు ఏరుతూ, “అన్నా, అది తర్వాత చూద్దాం. ఇంకా రెండు నిమిషాలుంది, పొట్టిగానైనా నిలబెడదాం” అంది. ఆ జట్టులో ఒడిశా కుర్రాడికి తెలుగు రాదు. అతనికి అదే మాట హిందీలో చెప్పి దారం చేతికిచ్చింది. అంతసేపూ అతనికి ఎవరూ ఏ పనీ చెప్పలేదు. జానెడున్నర గోపురం నిలిచింది. పరిశీలకుడు ఆ రెండు నిమిషాల గురించే అర పేజీ రాశాడు.

మధ్యాహ్నం ఒక్కొక్కరినీ వంతులవారీగా నాయకుడిని చేసి, ఇద్దరేసి సహాయకులను ఎంచుకోమన్నాం. ఇదీ సైనిక ఎంపికలో ఉన్నదే. ఎవరు ఎవరిని పిలిచారో కాగితం మీద గీతలు గీసుకుంటూ పోయాం. ఆ అమ్మాయి పేరు వైపు గీతలు గుబురుగా చేరాయి, డిస్పాచ్ ఆయనను ఒక్కరూ పిలవలేదు. ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన కాగితం అదే. పై అధికారుల కంటికి ఆనేవారు వేరు, పక్కన నిలబడి పనిచేసేవారు కోరుకునేవారు వేరు కావచ్చు.

యాజమాన్యం మొగ్గు మాత్రం ఆయన వైపే ఉంది. ఒక్క రోజు ఆట చూసి ఎవరికైనా పదవి ఇవ్వడం నాకూ ఇష్టం లేదు. నెలాఖరు హడావిడిలో ఇద్దరికీ చెరి కొన్ని రోజులు లైను అప్పగించి చూద్దామన్నాను. ఆమె వంతులో ఒక హెల్పర్, అట్టపెట్టెల మీద బ్యాచ్ నంబరు మసకగా పడుతోందని చెప్పాడు. ఆమె లైను ఆపించి, అప్పటికే వచ్చిన పెట్టెలు వేరుచేయించి, క్వాలిటీ విభాగానికి కబురు పెట్టింది. ఆ రోజు ప్యాకింగ్ లెక్క తగ్గింది. మందుల పనిలో నాకు కావలసిన మనిషి ఇలాంటివారే అని సమావేశంలో గట్టిగా వాదించాను. హెల్పర్ భయపడకుండా ఆమెకు చెప్పగలిగాడన్నది కూడా నా వాదనలో భాగమే. చివరికి ఆమెకే ఇచ్చారు.

ఎంపిక కానివారితో విడివిడిగా కూర్చుని, వారి గురించి రాసిందేమిటో చూపించాను. ఈ పని మానేసే సంస్థలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. డిస్పాచ్ ఆయన తన కాగితం రెండుసార్లు చదివి, కాసేపు మౌనంగా ఉండి, వాహనాల ఏర్పాటు మొత్తం తనకు అప్పగించమని అడిగారు. లారీల వాళ్లతో బేరమాడి, వేళకు బండి తెప్పించడంలో ఆయనకు సాటి లేరు. ఆ బాధ్యత ఆయనకు ఇప్పించాను.