పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇంకో మనిషి కావాలి

అమెరికాలో మన ఇళ్ళల్లో సీపీఎస్ (పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం) అంటే ఒక బెదిరింపు మాటే. ఒంటి మీద మచ్చ కనిపిస్తే స్కూల్ వాళ్ళు ఫోన్ చేస్తారట, పిల్లల్ని తీసుకుపోతారట, వీసాకి ఎసరు వస్తుందట అని. ఆ టెన్షన్‌లో అసలు ప్రమాదం ఎక్కడుందో ఎవరూ చూడటం లేదని నా బాధ. ఈ దేశంలో హింస, నిర్లక్ష్యం వల్ల ఏటా దాదాపు 2,000 మంది పిల్లలు చనిపోతున్నారు. అందులో 40 శాతానికి పైగా ఏడాది నిండనివాళ్ళు. స్కూల్ మొహం చూడని పసివాళ్ళు, వాళ్ళని రోజూ చూసే బయటివాళ్ళెవరూ ఉండరు.

చదువుకున్న ఇళ్ళల్లో ఇలాంటివి జరగవని మనవాళ్ళ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. పురిటికి రావాల్సిన అమ్మకి వీసా స్లాట్ దొరకదు, భర్తకి నాలుగు రోజుల్లో ఆఫీసు, నిద్రలేని బాలింత ఒక్కతే అపార్ట్‌మెంట్‌లో. బిడ్డ ఏడుపు రెండు వారాల నుంచి పెరుగుతూ రెండో నెలలో బాగా ఎక్కువై, నాలుగైదు నెలలకి తగ్గుతుంది. పాలు పట్టినా ఆగదు, ఎత్తుకున్నా ఆగదు. అది తల్లి చేతకానితనం కాదు. సరిగ్గా ఆ సమయంలోనే ఎవరో ఒకరు ఓపిక నశించి బిడ్డని పట్టుకుని ఊపేస్తారు. మెడ నిలవని బిడ్డ, కొన్ని సెకన్లు చాలు, మెదడులో రక్తస్రావం అవుతుంది. ఇలా చేసేది ఎక్కువగా ఇంట్లోని మగవాళ్ళే, కాబట్టి నాన్నలూ, దయచేసి ఇది మీరూ చదవండి.

కోపం వస్తోందనిపించగానే బిడ్డని ఉయ్యాల తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి పక్క గదిలోకి వెళ్ళిపోండి. పది నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. మీరు కాస్త కుదుటపడ్డాక వెళ్ళి చూడండి, జ్వరంగా ఉంటే మాత్రం వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఇంకొకరి ఇంట్లో బిడ్డకి ఏదో జరుగుతోందని అనుమానం వస్తే "మనకెందుకులే" అనకండి. నేనుండే టెక్సస్‌లో అలాంటి అనుమానం వచ్చిన ఎవరైనా చెప్పి తీరాలని చట్టమే ఉంది, చెప్పినవాళ్ళ పేరు గోప్యంగా ఉంచుతారు. హింస, నిర్లక్ష్యం వల్ల జరిగే పిల్లల మరణాల మీద దేశ స్థాయిలో వేసిన కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఒక బిడ్డ గురించి అంతకుముందు సీపీఎస్ ఫిర్యాదుల హాట్‌లైన్‌కి ఫోన్ వచ్చి ఉండటమే తర్వాతి ప్రమాదానికి అన్నిటికన్నా పెద్ద సూచన. అంటే అలాంటి బిడ్డల్లో చాలామంది ముందే ఎవరో ఒకరి కళ్ళల్లో పడ్డవాళ్ళే.

అయితే నేను ముందుగా అడిగేది ఫిర్యాదు కాదు, సాయం. మా కాంప్లెక్స్‌లో కాన్పు అయిందని తెలిస్తే ఒకరు కూర, చారు పంపిస్తారు, ఇంకొకరు ఓ గంట బిడ్డని ఎత్తుకుంటారు, ఆ అమ్మాయి పడుకుంటుంది. "ఎలా ఉన్నావు?" అంటే "బాగున్నాను అక్కా" అనే అంటుంది, అందుకే "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడగండి. ఎవరూ దగ్గర లేనివాళ్ళకి తల్లుల మానసిక ఆరోగ్యం కోసం పెట్టిన 1-833-852-6262 అనే హెల్ప్‌లైన్ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, మెసేజ్ కూడా పెట్టొచ్చు. ప్రసవానికి ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, నాన్న ఫోన్‌లో కూడా.