బతికున్న కణాలను చంపేశాను

పోయిన వారం భలే టెన్షన్ పడ్డాను. ఊపిరితిత్తుల కణాల మీద కార్బన్ నానోట్యూబులు (కంటికి కనపడనంత సన్నని కార్బన్ గొట్టాలు) వేసి, 24 గంటలయ్యాక ఎంటీటీ పరీక్ష చేశాను. కణాలు బతికుంటే పసుపు రంగు మందు ఫార్మజాన్ అనే ఊదా రంగు స్ఫటికాలుగా మారాలి. నా ప్లేట్‌లో ఊదా సగానికి పడిపోయింది. చచ్చాయన్నమాటేగా! హడావిడిగా గ్రాఫ్ గీసి మేడమ్‌కి పంపేశాను.

"మైక్రోస్కోప్‌లో చూశావా అమ్మా?" అన్నారు, అంతే.

చూస్తే కణాలు నిక్షేపంగా ఉన్నాయి! ఆ ఊదా స్ఫటికాలు ట్యూబులకు అతుక్కుపోయి కరగలేదు, మెషీన్‌కి రంగు కనపడలేదు. నీటిలో కరిగే రంగునిచ్చే డబ్ల్యూఎస్‌టీ-1 అనే ఇంకో మందుతో మళ్లీ చేస్తే ఆ చావులన్నీ మాయం. ఈ మోసం గురించి 2006లోనే పేపర్ వచ్చిందట. నేను చదివి ఉంటేగా.

అలాగని నానోట్యూబులు అమాయకమైనవేం కావు. పొడవాటి రకాన్ని చిట్టెలుకల కడుపు కుహరంలోకి ఎక్కిస్తే ఆస్బెస్టాస్ లాగే వాపు తెచ్చాయని 2008లో తేలింది. నా ఒక్కరోజు ప్లేట్‌కి అదెలా తెలుస్తుంది?

రేపు మళ్లీ 96 వెల్స్ (ప్లేట్‌లోని చిన్న గుంటలు). ఈసారి ఒక వరసలో కణాలే ఉండవు, ట్యూబులూ రంగు మందూ మాత్రమే. ట్యూబులు పరీక్షను తికమక పెడుతున్నాయేమో ముందే చూడాలిగా.