అగ్గిపెట్టె

"పులిహోర వద్దు నాయనా, మూడు రోజుల్నించీ అదే. అగ్గిపెట్టె ఉందా?"

విజయవాడ సింగ్ నగర్‌లో బుడమేరు వాగు వరద నీళ్లు ఇంకా మోకాళ్ల దాకా ఉన్నాయి. మేడమెట్ల మీద కూర్చున్న మామ్మ అడిగింది. ట్రాక్టర్ నిండా పొట్లాలు, నీళ్ల బాటిళ్లు, బ్రెడ్డు. అగ్గిపెట్టె మాత్రం లేదు. మావాడొకడు జేబు తడుముకుని లైటర్ తీసిచ్చాడు. (వాడి సిగరెట్లని ఎవరూ తిట్టని రోజు ఇదే.)

సాయంత్రం టీ కొట్టు దగ్గర, బురద కాళ్లతోనే కూర్చున్నాం. ఎన్ని పొట్లాలు పంచామో లెక్కలేస్తుంటే ఎవరో అన్నారు: "అసలు ఏం కావాలని ఒక్కరినైనా అడిగామా?"

టీ చల్లారిపోయింది.

రేపటి లిస్టు మళ్లీ రాశాం. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల చక్రాలు, నైటీలు, బ్లీచింగ్ పౌడర్. పులిహోర కొట్టేశాం.