తమ్ముడి వెన్ను కోసం తిరిగిన రోజులు

మా తమ్ముడు 2023 మేలో తాటిచెట్టు మీంచి పడ్డాడు. మోకు జారింది. హైదరాబాద్ తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం. విరిగిన పూసలకు రాడ్లు వేశారు, లోపలి వెన్నుపాము మాత్రం నలిగిపోయింది. డాక్టరుగారు వాణ్ణి కళ్లు మూసుకోమని, గుండుసూదితో ఛాతీ నుంచి కిందికి గుచ్చుకుంటూ వచ్చారు. గుచ్చినప్పుడల్లా "ఆ" అంటున్నాడు. బొడ్డు దాటాక ఇంకేం అనలేదు. ఇంకా గుచ్చుతారేమోనని అలాగే కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఏడాది తర్వాత ఒక రాత్రి ఫోన్ చూపించి "అక్కా, ముక్కు కణాలు పెడితే నడిచాడంట" అన్నాడు. పోలండ్‌కు చెందిన డారెక్ ఫిడికా కథ అది. కత్తిపోట్లకు వెన్ను తెగిన అతనికి 2012లో ఆపరేషన్ చేశారు. వాసన నరాలు జీవితాంతం కొత్తగా పుడుతుంటాయి, వాటికి దారి చూపే కణాలు కొన్ని ఉంటాయి. పుర్రె తెరిచి ఆ కణాలున్న భాగం తీసి, ల్యాబ్‌లో పెంచి, వెన్నులో ఎక్కించారు. 8 మిల్లీమీటర్ల ఖాళీకి చీలమండ దగ్గరి నరం ముక్కలు వంతెనలా అమర్చారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలా అడుగుతూ అడుగుతూ ఒక సెంటర్‌కు వెళ్లాం. నడుం ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను (స్టెమ్ సెల్స్) వెన్నులోకి ఇంజెక్షన్ ఇస్తామన్నారు. ఆరు లక్షలు. గీత కార్మికుల ఎక్స్‌గ్రేషియా డబ్బుకు కొంత అప్పు కలిపితే సరిపోతుందని అమ్మ లెక్క వేసేసింది. కానీ పోలండ్‌లో చేసింది వేరు, ఇక్కడ చేస్తామంటున్నది వేరు. ఆ తేడా అడిగితే సరైన జవాబు రాలేదు.

ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ నాకు దారి చూపింది. వెన్ను దెబ్బలకు మూలకణాలు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయని, దేశంలో వైద్య పరిశోధనను చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతి ఉన్న ట్రయల్‌లో (మనుషుల మీద చేసే వైద్య పరీక్షలో) తప్ప ఇవ్వకూడదని, అందుకు పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదని చెప్పింది. "సీటీఆర్ఐ నెంబర్ అడుగమ్మా" అంది. దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ జాబితా అది. ఫోన్ చేసి అడిగాను. "మాది ట్రయల్ కాదు మేడం, ట్రీట్‌మెంట్" అన్నారు. ఆ మాటతో అడ్వాన్స్ కట్టడం ఆపేశాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తమ్ముడికి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. జపాన్‌లో కీయో యూనివర్సిటీ వాళ్లు నలుగురికి ఐపీఎస్ కణాల (మామూలు కణాలను ల్యాబ్‌లో మార్చి చేసే మూలకణాలు) నుంచి తయారైన నరాల కణాలు ఎక్కించి, ఇద్దరిలో మెరుగుదల కనిపించిందని 2025 మార్చిలో చెప్పారు. అది దెబ్బ తగిలిన 14 నుంచి 28 రోజుల్లోపు చేసింది. వాడు విని, "మన రోజులు దాటిపోయినయి కదా అక్కా" అన్నాడు.

ఇప్పుడు నాలుగు గంటలకోసారి తనే పైపు వేసుకుని మూత్రం తీసుకుంటాడు. రాత్రి రెండు గంటలకోసారి లేచి పక్కకు తిప్పుతాను, పుండ్లు పడకుండా. నెలకోసారి ఇద్దరం కూర్చుని సీటీఆర్ఐ వెబ్‌సైట్ తెరుస్తాం. వెన్నుపాము అని టైప్ చేసేది వాడే. పోయిన నెల వాడికి సరిపోయేది కనిపించలేదు.