గురక ఉందని చెప్పడానికి సిగ్గుపడ్డాను

నాకు గురక ఉందని పదేళ్ళుగా తెలుసు, ఏ డాక్టర్‌కీ చెప్పలేదు. ఆడదానికి గురకేంటని నామోషీ. పెళ్ళిళ్ళలో అందరూ హాల్లో వరసగా పడుకుంటే నేను వరండాలో కుర్చీ వేసుకుని జాగారం చేసేదాన్ని.

ముట్లాగిపోయాక ఇంకా ఎక్కువైంది. పొద్దున లేస్తే తల దిమ్ముగా, నోరు పిడచకట్టుకుపోయి ఉండేది. రాత్రి మూడు నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేస్తుంటే షుగరేమో అని చూపించుకున్నాను, లేదన్నారు. బీపీ మాత్రలు ఒకటి రెండయి, రెండు మూడయినా పైది 160కి తగ్గలేదు. ఉప్పు ఎక్కువ తింటున్నావని, టెన్షన్ పడుతున్నావని ఇంట్లో నన్నే అనేవాళ్ళు. ఆవకాయ కూడా మానేశాను.

ఒక రాత్రి రెండున్నరకి దడతో మెలకువ వచ్చింది. నాడి పట్టుకుంటే రెండు కొట్టుకుని ఆగి, మళ్ళీ గబగబా నాలుగు కొట్టుకుంటోంది. ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు, గుండె పైగదులు లయ తప్పి వణకడం. గడ్డ కట్టిన రక్తం మెదడుకి వెళ్తే పక్షవాతం రావచ్చని రక్తం పల్చబడే మాత్ర మొదలుపెట్టారు.

"గురక పెడతారా అమ్మా?" అని గుండె డాక్టర్ అడిగితే అప్పుడూ లేదనే అన్నాను. మా వారు కాసేపు నేలచూపులు చూసి, "పెడుతుందండీ, మధ్యలో ఊపిరి ఆగిపోతుంది, నేను తట్టి లేపుతుంటాను" అన్నారు. అన్నేళ్ళుగా ఆయన నాకోసం నిద్ర కాచుకుంటున్నారని ఆ గదిలోనే తెలిసింది.

నిద్ర పరీక్షకి తల మీద జిగురుతో వైర్లు అంటించి, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టారు. గంటకి 42 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరిగిందట. 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతే, ఛాతీ మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటుంది, ఆ లాగుడుకి గుండె గదులు సాగుతాయి, ఆక్సిజన్ పడిపోగానే ఒళ్ళు ఉలిక్కిపడి అడ్రినలిన్ వదులుతుంది, బీపీ జివ్వున లేస్తుంది. మామూలుగా అయితే నిద్రలో బీపీ తగ్గి గుండె తెరిపిన పడాలి. నాకు ఆ తెరిపే లేదు. అన్నిసార్లు బాత్రూమ్‌కి లేవడం కూడా దీనివల్లేనట, సాగిన గుండె ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రం ఎక్కువ వచ్చే హార్మోన్ వదులుతుంది.

సీపాప్ మిషన్ ఇచ్చారు, మాస్క్ గుండా గాలి ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మొదటి వారం ఊపిరాడనట్టనిపించి అర్ధరాత్రి లాగి పడేశాను, ఏడ్చాను కూడా. ముక్కుకి మాత్రమే పెట్టే చిన్న మాస్క్ మార్చుకుని, పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుంటే అలవాటైంది. పదో రోజు అనుకుంటా, పాలవాడి బెల్లుకి లేచాను, రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు.

ఎనిమిది నెలలైంది. బీపీ 130 దగ్గర ఉంటోంది, ఒక మాత్ర తగ్గించారు. దడ ఒకసారి మళ్ళీ వచ్చింది, రక్తం పల్చబడే మాత్ర వాడుతూనే ఉన్నాను. మిషన్‌తో దడ పూర్తిగా పోతుందని డాక్టర్ చెప్పలేదు, మళ్ళీ మళ్ళీ రావడం తగ్గచ్చన్నారు.

పోయిన నెల పెళ్ళికి మిషన్ పట్టుకెళ్ళి హాల్లో అందరి మధ్యే పడుకున్నాను. తెల్లారాక మా చిన్నాడపడుచు పక్కకి పిలిచి, "వదినా, ఆ టెస్ట్ ఎక్కడ చేస్తారు?" అని మెల్లగా అడిగింది. సోమవారం తీసుకెళ్తున్నాను.